ఊపిరి పీల్చుకునే గోడ

"గంటలో వస్తున్నాం. కాస్త సర్దెయ్."

మా ఆయన ఫోనులో ఇంతే చెప్తారు. ఇంకో మాట అక్కర్లేదు. నేను పొయ్యి కట్టేస్తాను, మా అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేస్తారు, ఇద్దరం కలిసి ఈ ఇంట్లో మనుషులు ఉంటున్న ఆనవాళ్ళన్నీ మాయం చెయ్యడం మొదలుపెడతాం. ఆవిడ నొప్పుల తైలం సీసా ఓవెన్‌లోకి పోతుంది. గిన్నెలు ఆరబెట్టే బుట్ట, పీచు, సబ్బు బాత్రూమ్ తలుపు వెనక్కి. చీపురు హాల్లో దివాన్ కిందకి. అప్పటికీ ఏవైనా మిగిలిపోతే వాషింగ్ మెషిన్ కడుపులోకి. గంట తర్వాత కాలింగ్ బెల్ మోగుతుంది. నేను తల సవరించుకుని, నవ్వు తగిలించుకుని తలుపు తీస్తాను. తలుపు తీయడం ఎప్పుడూ నా వంతే.

మా ఆయన ఇంటీరియర్ డిజైనర్. ఆయనకి వేరే ప్రకటనలు లేవు, మా ఇల్లే ప్రకటన. పక్కింటివాళ్ళు మా ఇంటిని 'షోరూమ్' అంటారు, నన్ను 'షోరూమ్ ఆవిడ' అంటారు. ఇల్లు కొత్తగా చేయించుకోవాలనుకునేవాళ్ళని ఆయన ముందు మా హాల్లోకి తీసుకొచ్చి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉన్న తెల్లటి గోడ ముందు నిలబెడతారు. "దీని మీద నేను కావాలనే ఏమీ పెట్టలేదండీ. గోడక్కూడా ఊపిరాడాలి" అంటారు. వచ్చినవాళ్ళు ఆ మాటకి తలాడించి, తాము కూడా ఓసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంటారు. పీల్చని మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు, అందరూ పీలుస్తారు.

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. మా ఇంటిని ఎంతసేపు చూసినా ఇల్లాలు మాత్రం కనపడదు. మొన్న సాయంత్రం కళ్ళ డాక్టరుగారు, ఆయన భార్య వచ్చారు. ఆవిడ దివాన్ మీద కూర్చుని, అన్నీ చూసి, మెల్లిగా నన్నడిగింది. "ఏమండీ, మీరు చీపురు ఎక్కడ పెడతారు?" నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నారు. "కనపడదండీ! అదే ఈ డిజైన్ గొప్పతనం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చీపురు సరిగ్గా ఆవిడ కూర్చున్న చోటు కిందే ఉంది.

ఆయన చెడ్డవారని నేననను. గొంతు పెంచరు. ఏది చేసి పెట్టినా తింటారు. నా కంటి మీద నాకంటే ఆయనకే నమ్మకం ఎక్కువ. పెళ్ళికి ముందు నేను ఒక బట్టల దుకాణంలో అద్దాల కిటికీలు అలంకరించేదాన్ని, అక్కడే నన్ను చూశారు. ఇప్పటికీ రెండు రంగుల కాగితాలు తెచ్చి నా ముందు పెట్టి "ఏదోయ్?" అంటారు. నేను గరిటె పట్టుకున్న చేత్తోనే ఒకటి చూపిస్తాను. మర్నాడు ఆయన ఫోనులో "రాత్రంతా ఆలోచిస్తే నాకు తట్టిందండీ" అని ఆ రంగు గురించే చెప్తుంటారు. దానికి నేను అలవాటు పడిపోయాను. అలవాటు పడనిది ఇంకో మాటకి. "మా ఆవిడ ఇంట్లో ఖాళీయే, మీరు ఎప్పుడైనా రావచ్చు." ఆ మాట నేను చాలాసార్లు మోచేతుల దాకా సబ్బు నురగతో నిలబడి విన్నాను.

సరే, సుఖాల గురించి కూడా చెప్పాలి. నాకున్న పెద్ద సుఖం మధ్యాహ్నం సినిమా. పని అయ్యాక నేనూ అత్తగారూ టీవీ ముందు చేరతాం. ఆవిడ సినిమా చూసే పద్ధతే వేరు. కథ ఆవిడకి పట్టదు. ఒకరోజు హీరో కోపమొచ్చి కంచం తీసి గోడకేసి కొట్టాడు. వెంటనే పాట. కొండల మీద పరుగులు. మా అత్తగారు ఆ పాటంతా మండిపడుతూనే ఉన్నారు. "అది ఎవడు కడుగుతాడురా, నీ బాబా? ఇంత పాట పాడేసరికి అది ఎండి గట్టిపడుతుంది. ఎండితే మరక పోతుందా?" ఇంకో సినిమాలో హీరోయిన్ వానలో తడిసి తడిసి ఇంట్లోకి వచ్చింది. "కాళ్ళు తుడుచుకోవే తల్లీ" అన్నారీవిడ. పెద్ద బంగళా, పాలరాతి మెట్లు కనపడితే హీరో ఎవరో చూడరు, మెట్లు లెక్కపెడతారు, ఎవరు తుడుస్తారో పాపం అని. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నాక్కూడా సినిమా అలాగే కనపడటం మొదలైంది. తెర మీద అందరూ వెళ్ళిపోయాక ఆ గదిలోకి చీపురు పట్టుకుని వచ్చే మనిషి కోసం నా కళ్ళు ఎదురుచూసేవి. ఆ మనిషి ఎప్పుడూ రాదు. అంతలోకే సీను మారిపోతుంది.

అందుకే ఆమెని నేను కుట్టాను. మా ఆయన ఆఫీసులో పాతబడిన కర్టెన్ గుడ్డల నమూనాలు పారేస్తుంటారు. అరచేయంత ముక్కలు, అంచులు రంపపు పళ్ళలా కత్తిరించి ఉంటాయి. వాటిని తెచ్చుకుని, కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, దారంతో బొమ్మలు కుట్టడం మొదలుపెట్టాను. కంచం విసిరిన గోడని రుద్దుతున్న మనిషి, వెనక నుంచి. వానలో తడిసిన అడుగుల వెంట వంగి గుడ్డతో తుడుచుకుంటూ వస్తున్న మనిషి. బంగళా మెట్ల మధ్యలో, సగం తుడిచి, కాసేపు కూర్చున్న మనిషి. విందు అయిపోయాక గ్లాసులు కడుగుతూ, ఒక కాలితో ఇంకో కాలిని గోక్కుంటున్న పిల్ల. సినిమాలో చూపించనివన్నీ. అత్తగారు పక్కన కూర్చుని సలహాలిచ్చేవారు. "దాని నడుము ఇంకాస్త వంచు అమ్మాయ్. మెట్లు తుడిచేదాని నడుము అంత నిటారుగా ఉంటుందా?" ఆవిడ మాట నిజమే. విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. ఆ మధ్యాహ్నాలు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. పొద్దుటి నుంచి చేసిన చాకిరీ అంతా అప్పుడు చేతిలోకి వచ్చి బొమ్మ అయ్యేది.

మా ఆయన ఒకసారి చూశారు. "బాగున్నాయోయ్. కాలక్షేపానికి మంచిదే" అన్నారు. ఎంతోకాలంగా కడుపులో దాచుకున్న మాట అప్పుడు అడిగాను. "హాల్లో గోడ మీద ఒక్కటి పెట్టుకోనా?"

"ఒకటి పెడితే ఇంకోటి వస్తుంది. గోడ పాడైపోతుందోయ్."

అంతే. కసురుకోలేదు, నవ్వుతూనే అన్నారు. ఆ రోజు నుంచి నా బొమ్మలు ఒక దిండు గలీబులో ఉండేవి. ఎవరైనా వస్తున్నారంటే ఆ గలీబు మెషిన్‌లోకి వెళ్ళేది. మళ్ళీ నేనడగలేదు. కానీ తుడుస్తున్న ప్రతిసారీ ఆ గోడ మీద ఎక్కడ ఏ బొమ్మ పెట్టచ్చో చూసుకుంటూనే ఉన్నాను.

డాక్టరుగారు వచ్చి వెళ్ళిన సాయంత్రం గలీబు మెషిన్‌లోంచి తియ్యడం మర్చిపోయాను. మర్నాడు వాన. అత్తగారు నాకు సాయం చేద్దామని దుప్పట్లు తీసుకెళ్ళి మెషిన్‌లో కుక్కి, సబ్బు పొడి పోసి, మీట నొక్కారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి మెషిన్ గుండ్రటి అద్దం వెనక నీళ్ళు ఎర్రగా తిరుగుతున్నాయి. ఎందుకో వంగి చూశాను. గలీబు నోరు విడిపోయింది. మెట్ల మీది నా మనిషి అద్దానికి అంటుకుని ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దుప్పట్ల కిందకి పోయింది.

"ఆపవే, ఆపు!" అని అత్తగారు తలుపు పట్టుకుని లాగారు. మీట నొక్కినా ఆ తలుపు వెంటనే తెరుచుకోదు, నీళ్ళన్నీ పోయేదాకా తాళం పడే ఉంటుంది. ఇద్దరం దాని ముందు నేల మీద చతికిలబడి, నా బొమ్మలు మునిగి తేలడం చూస్తూ కూర్చున్నాం. తలుపు తెరుచుకోగానే తీశాను. గోడ రుద్దే మనిషి చెయ్యి ఊడిపోయింది. చవకరకం ఎరుపు కారి సగం బొమ్మలకి అంటుకుంది. నాకు ఏడుపొచ్చింది. బాత్రూమ్ తలుపు వెనక దాచే గిన్నెల బుట్ట పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తగారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. ఆవిడ తప్పేముంది? బట్టలు ఉతికే యంత్రంలో బట్టలు వేశారు. దాంట్లో బొమ్మలు దాచుకునే కోడలు ఇంకెక్కడైనా ఉంటుందా?

"గోడవారన ఏడిస్తే రంగు ఆగదు" అన్నారు ఆవిడ కాసేపటికి. "ముద్దగా ఉంచితే ఇంకా కారుతుంది. లే. ఆరేద్దాం."

ఎక్కడ ఆరేస్తాం? బయట వాన. బాల్కనీలో తాడు కడితే అందం పోతుందని మా ఆయన ఎప్పుడో తీసేశారు. ఇద్దరం తలెత్తి ఒకేసారి అటు చూశాం. అంత పొడవున, అంత తెల్లగా, ఒక్క వస్తువు అడ్డం లేకుండా.

"మేకులు నేను కొడతా. నన్నైతే వాడు ఏమీ అనలేడు" అన్నారు అత్తగారు.

"వద్దత్తయ్యా. సుత్తి ఇటివ్వండి" అన్నాను.

మొదటి మేకు వంకరపోయింది, పెళ్ళలు రాలాయి. రెండోది గట్టిగా దిగింది. ఈ చివరి నుంచి ఆ చివరికి తాడు లాగి, బట్టల క్లిప్పులతో ఒక్కో బొమ్మా పెట్టాను. ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్న వరసలోనే పెట్టాను, చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. కింద తెల్లటి గోడ మీద సన్నగా ఎర్రటి చారలు దిగుతున్నాయి. వెనక్కి జరిగి చూసుకుంటే, కన్నీళ్ళు ఇంకా ఆరకుండానే, సిగ్గులేకుండా సంతోషం వేసింది.

అప్పుడే ఫోను. "డాక్టరుగారు వాళ్ళు మళ్ళీ చూస్తారట. గంటలో వస్తున్నాం. కాస్త సర్దెయ్."

"ఊఁ" అన్నాను అలవాటు కొద్దీ. ఫోను పెట్టేసి, సూదిలోకి దారం ఎక్కించి, ఊడిన చెయ్యి అతకడానికి కూర్చున్నాను. అత్తగారు తైలం సీసా చేతిలో పట్టుకుని ఓవెన్ వైపు చూశారు, నా వైపు చూశారు, వచ్చి దివాన్ మీద కూర్చుని తాపీగా మోకాళ్ళకి రాసుకోవడం మొదలుపెట్టారు.

మా ఆయన ముందుగా వచ్చారు, తన తాళంతో తలుపు తీసుకుని. "వాళ్ళు కారు పెడుతున్నా..." అని గుమ్మంలోనే ఆగిపోయారు. కోప్పడతారనుకున్నాను. ఆయన తాడు దగ్గరికి నడిచారు. ఎంతైనా కన్నున్న మనిషి, చూడకుండా ఉండలేరు. మెట్ల బొమ్మ దగ్గర ఆగి "ఈ నీడకి ఆ బూడిదరంగు వాడావా?" అని గొణిగారు. గ్లాసులు కడిగే పిల్ల దగ్గర ఇంకాసేపు నిలబడ్డారు. చివరి బొమ్మ దగ్గరికొచ్చారు. అది ఆయన ఎప్పుడూ చూడనిది. తెల్లటి గోడ, దాని ముందు ఒక పెద్దావిడ దివాన్ కిందకి చీపురు తోస్తోంది, ఇంకొకామె ఓవెన్‌లో సీసా దాస్తోంది.

"ఇది మన హాలు కదూ?"

"అవును."

"మరి నేనెక్కడున్నాను ఇందులో?"

"మీరు సినిమాలో ఉన్నారండీ. ఇవి సినిమాలో చూపించనివి."

అత్తగారు మోకాలు రుద్దుకోవడం ఆపారు. బెల్ మోగింది. ఆయన చెయ్యి తాడు మీదకి వెళ్ళి, ఒక క్లిప్పు దగ్గర ఆగింది. "ఒక్క అరగంట తీసేద్దామా? మళ్ళీ పెట్టేసుకో" అన్నారు. ఆ గొంతులో బతిమాలడం నేను విన్నది అదే మొదటిసారి.

"రంగు ఇంకా కారుతోంది. ముట్టుకోకండి."

"వాళ్ళకేం చెప్పను నేను?"

మళ్ళీ బెల్. ఎప్పటిలాగే ఆయన నా వైపు చూశారు. నేను సూది మీంచి తలెత్తలేదు. గోడ రుద్దే మనిషికి చెయ్యి సగమే అతికింది, ఇంకా వేళ్ళు కుట్టాలి.

"తలుపు మీరు తీయండి" అన్నాను. "నేను ఖాళీగా లేను."