నాలుగు నుంచి ఏడు దాకా

ఈ రోజు చెప్పేయాలని మేనమామ పొద్దున పళ్లు తోముకుంటున్నప్పుడే నిశ్చయించుకున్నాడు. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నప్పుడూ, మూతపడ్డ గోదాముల వెనుక సిమెంటు మైదానం తడిపించి కోన్లు పేర్చినప్పుడూ ఆ నిశ్చయం చెక్కుచెదరలేదు. నోరు మాత్రం పెగల్లేదు.

మేనకోడలు కారును మడతబల్ల పక్కన ఆపి హెల్మెట్ తీసింది.

“ఎంత?”

“ముప్పై ఒకటి పాయింటు నాలుగు.”

“ఇందాకా?”

“అదే.”

“వారం నుంచీ అదే. అరిగిపోయిన రికార్డులాగా.” ఆమె సీట్లోంచి కదల్లేదు. “మేనేజరుకి ఫోన్ చేసెయ్ మావయ్యా. కొండ మీద రేసుకి ఆ గేర్లు నమిలేవాణ్ణే పంపమను.”

టీముకి ఉన్నది ఒక్క కారు, ఒక్క సీటు. ఈ తడి నేల మీద ముప్పై సెకన్లలోపు చుట్టు తిరిగినవాళ్లకే ఆ సీటు. ఎవరన్నది పన్నెండింటిలోగా తేలాలి. టీములో రెండో డ్రైవరు, ఆ గేర్లు నమిలేవాడు, ముప్పై పాయింటు ఒకటి దగ్గర ఆగిపోయాడు, మధ్యలో ఒక గేరుబాక్సును ముక్కలు చేసి. ఇద్దరికీ రాకపోతే, ఒకరు తప్పుకుంటే సీటు రెండోవాళ్లకి వెళుతుంది.

“ఇంకా టైముంది,” అన్నాడు మేనమామ.

“టైముంటే ఏం లాభం? మీట ఏడులో పెట్టి నడుపుతున్నాను. ఏడులో కూడా నాకు భయం వెయ్యడం లేదు. అయినా రావడం లేదంటే లోపం కారులో లేదు, నాలో ఉంది. కొందరికి చేతుల్లో ఆ విద్య ఉండదు. నిన్న రాత్రే ఒప్పేసుకున్నాను.”

ఆమె ఆ మాటను ఏడవకుండా, బట్టలు మడిచి పెట్టినట్టు అంది. మేనమామకు అదే తట్టుకోలేనిదిగా తోచింది.

ఆ మీటను డ్యాష్‌బోర్డు మీద బిగించినవాడు అతనే. చిన్న గుండ్రటి మీట, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి. ఇంజను తిప్పేది వెనుక చక్రాలను. వెనుకవి ముందువాటికంటే ఎంత ఎక్కువ వేగంగా తిరిగితే టైరు అంత జారుతున్నట్టు. ఆ తేడా ఒక హద్దు దాటగానే కంట్రోలర్ ఇంజను టార్క్‌ను, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని, కోసేస్తుంది. ఒకటిలో హద్దు చాలా తక్కువ, ఏడులో చాలా ఎక్కువ. ఎనిమిది అంటే కంట్రోల్ అసలు ఉండదు, కారూ మనిషీ మిగులుతారు.

పోయిన ఏడాది కొండ రేసులో, వానలో, రెండో మలుపు దగ్గర ఆమె ఏడులో యాక్సిలరేటర్ తొక్కింది. కారు బొంగరంలా తిరిగి వెనుక భాగంతో రాతిగోడను గుద్దింది. ఆ మలుపులో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నది మేనమామే. ఆమెకు భుజం ఎముక విరిగింది, అతికింది. అతనికి ఏం విరిగిందో ఎవరూ ఎక్స్‌రే తీయలేదు. కారు బాగై వచ్చిన రోజున వర్క్‌షాపులో ఒక్కడే కూర్చుని, ల్యాప్‌టాప్‌లో కంట్రోలర్ పట్టిక తెరిచి, నాలుగు నుంచి ఏడు దాకా ఉన్న గళ్లన్నిటిలో మూడో గడిలోని అంకెనే నింపాడు. ఆరు శాతం జారుడు, అంతకంటే ఏ చక్రమూ జారడానికి వీల్లేదు. ఆమెకు తెలిసిపోతుందని యాక్సిలరేటర్ లెక్కను కూడా మార్చాడు: మీట పెరిగేకొద్దీ పెడల్ కొంచెం తొక్కినా కారు ఎగిరిపడుతుంది. ఉరుకు ఉన్నట్టే ఉంటుంది, బలం పెరగదు. తన జన్మలో చేసిన అత్యంత నైపుణ్యమైన పని అదేనని అతనికి తెలుసు. అందుకే దాన్ని తలుచుకున్నప్పుడల్లా సిగ్గుతో పాటు ఒక రవ్వ గర్వం కూడా తగిలేది, ఆ గర్వానికి మళ్లీ సిగ్గుపడేవాడు.

“అమ్మడూ, దిగి ఇలా రా,” అన్నాడు.

ఆమె వచ్చింది. స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. గళ్లలో ఆరు, ఆరు, ఆరు, ఆరు, ఆరు.

ఆమె చాలాసేపు చూసింది. చదువుకున్న పిల్ల, వివరించనక్కర్లేదు.

“ఎప్పటి నుంచి?”

“పదకొండు నెలలు.”

“అంటే నేను ఏడు అనుకున్నది...”

“మూడు.”

“పెడల్‌తో మభ్యపెట్టావు.”

“ఆ.”

“మా అమ్మ చెప్పిందా?”

ఆ సాకు అతని నాలుక చివరే ఉంది. చెల్లెలు ఎన్నోసార్లు ఏడ్చింది కూడా. ఏడుపుని మాటగా మార్చడం ఎంతసేపు? “లేదు. ఎవరూ చెప్పలేదు. నేనే చేశాను,” అన్నాడు.

ఆమె కోన్ల వైపు తిరిగి నిలబడింది. “నాకు భయం పోయిందనుకున్నాను మావయ్యా. గోడ గుద్దాక కూడా ఏడులో చేతులు వణకలేదని సంబరపడ్డాను. అదీ నాది కాదన్నమాట.”

అతను ఊహించింది మొదటి దెబ్బను మాత్రమే. ఆమె లోపం అబద్ధమని చెబుతున్నాననుకున్నాడు. ఆమె ధైర్యం కూడా దాంతో పాటే కూలిపోతుందని లెక్కలో వేసుకోలేదు.

“తిట్టు,” అన్నాడు.

“తిట్టడానికి తర్వాత బోలెడంత టైముంది. ఇప్పుడు పదిన్నర.” ఆమె ఇంకో కుర్చీ లాక్కుంది. “పాతవి పెట్టు.”

“పాతవి కుదరవు. టైర్లు మారాయి. మెట్టు మెట్టుగా వెళ్లాలి. ఎనిమిది, పది, పదమూడు, పదహారు. పెడల్ అన్నిట్లో ఒకేలా పెడతాను.”

“పెట్టు. నేను చూస్తుంటాను. ఒకసారి దొంగ తూకం వేసినవాడి మీద నాకు నమ్మకం లేదు.”

అతను ఒక్కో అంకె కొడుతుంటే ఆమె ఒక్కోటీ పైకి చదివింది.

నాలుగులో ముప్పై పాయింటు తొమ్మిది. ఐదులో ముప్పై పాయింటు మూడు. ఆమె ఒక్కో చుట్టుకీ మీటను ఒక్కో అంకె పెంచింది. ఆరులో మూడో కోను దాటాక ఇంజను మోత పటపటమని తెగింది, వెంటనే పెద్దగా అరిచింది, కారు వెనుక భాగం పక్కకు జారి గిర్రున రెండు చుట్లు తిరిగింది. నీళ్లు గోడలా లేచాయి. కారు వెనక్కి తిరిగి ఆగింది.

మేనమామ పరుగెత్తలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టి కూర్చున్నాడు. అక్కడ గోడ లేదు, గుద్దడానికి ఏమీ లేదు, ఆ సంగతి అతనికి తెలుసు. ఇంజను మళ్లీ మొదలయ్యేదాకా చేతులు బయటికి తీయలేదు.

ఆమె వచ్చి కారు ఆపింది. “భయం వేసింది,” అంది, టైరు గాలి ఎంతుందో చెప్పినట్టు. “కానీ విను. జారడం కాదు ఇబ్బంది. జారాక టార్క్ కోస్తోంది, బాగానే ఉంది. కోసింది మళ్లీ ఇచ్చేటప్పుడు ఒక్కసారిగా వీపు మీద తన్నినట్టు ఇస్తోంది. అక్కడే తిరిగింది.”

అతను రికార్డయిన గీతలు చూశాడు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. టార్క్ గీత నిచ్చెన ఎక్కాల్సిన చోట గోడ దూకుతోంది. ఆరు శాతం దగ్గర కట్టిపడేసినన్నాళ్లు ఆ లోపం బయటపడే అవకాశమే రాలేదు. ఇన్ని నెలలు కాపాడుతున్నాననుకుని అసలు జబ్బును దాచిపెట్టాడు.

“తిరిగి ఇచ్చేది నెమ్మది చేస్తాను,” అన్నాడు. ఆ అంకె మార్చాడు. మార్చాక కర్సర్ పక్క గడిలోకి, పదమూడు మీదికి జరిగింది. పదకొండు చేస్తే ఎవరికీ నష్టం లేదు. ఒక్క మెట్టు. తన వేలు తనను అడగకుండానే అక్కడికి వెళ్లిందని అతనికి అర్థమైంది.

“పదమూడు ముట్టుకోవడం లేదు,” అన్నాడు గట్టిగా.

“చూస్తూనే ఉన్నాలే,” అంది ఆమె.

ఆమె మళ్లీ ఆరులోనే వెళ్లి వచ్చింది. ఇరవై తొమ్మిది పాయింటు తొమ్మిది.

అతను లేచి నిలబడ్డాడు. ఆమె అద్దం దించింది. “కూర్చో మావయ్యా. ఒకసారి వస్తే అది నేలది కావచ్చు. నీళ్లు పోయించు, మళ్లీ వెళతాను.”

మళ్లీ తడిపించారు. ముప్పై పాయింటు రెండు. ఇరవై తొమ్మిది పాయింటు ఎనిమిది. ఇరవై తొమ్మిది పాయింటు ఏడు. పన్నెండుకి పది నిమిషాలుందనగా ఆమె మేనేజరుకి ఫోన్ చేసి, నాలుగు అంకెలూ చెప్పి, “నేనే నడుపుతాను,” అంది. పెట్టేశాక ఫోను అతని ముందు పెట్టింది.

“నీ మీద కోపం ఇవాళ పోదు. రేసు అయ్యాక కూడా పోతుందని చెప్పలేను.”

“తెలుసు.”

“అమ్మకి నువ్వే చెప్పు. పదకొండు నెలల సంగతీ, ఇందాక తిరిగిన సంగతీ. అమ్మ గొంతు వినగానే మాట మార్చకు.”

ఆమె మళ్లీ హెల్మెట్ పెట్టుకుని వెళ్లింది. అతను చెల్లెలికి ఫోన్ చేశాడు. వరసగా, ఏదీ మింగకుండా చెప్పాడు. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

“అన్నయ్యా, అంత చేసినవాడివి. మళ్లీ దానికి తెలియకుండా ఇంకేదైనా చెయ్యలేవా?”

“చెయ్యగలను,” అన్నాడు. “చెయ్యను.”

“నీకేం, నువ్వు తల్లివా.”

కారు గీత మీదికి వచ్చి నిలబడింది, లోపలి నుంచి చెయ్యి పైకి లేచింది. “అది బయల్దేరుతోంది, ఉండు,” అని ఫోను బల్ల మీద పెట్టి, పెట్టేయకుండానే, స్టాప్‌వాచ్ అందుకున్నాడు.