మేనేజరుగారి మోకాలు

ఆదివారం వాలీబాల్ జట్లలో చేరేవాళ్ళకి ఒక కాగితం ఇచ్చారు. అందులో "ఆట వచ్చా?" అని ప్రశ్న. బ్యాంకు మేనేజరుగారు పుట్టి బుద్ధెరిగి బంతి ముట్టుకోలేదు. కానీ ఆయన ముందు నిలబడ్డ సొంత గుమాస్తా, సిగ్గూ శరం లేకుండా "రాదు" అని రాసేశాడు. గుమాస్తా పక్కన నిలబడి ఓనమాలు దిద్దడమా? మేనేజరుగారు "బాగా వచ్చు" అని రాసి, ఆఫీసు సంతకం పొడుగ్గా గీశారు.

దాంతో ఆయన్ని ఆరితేరినవాళ్ళతో నెట్ దగ్గర నిలబెట్టారు. మొదటి బంతి తిన్నగా వచ్చి ముక్కుకి తగిలింది.

"బంతిలో గాలెక్కువైంది," అన్నారాయన.

రెండోది చెవి వాయించింది. జట్టు నాయకుడు మెల్లిగా, "సార్, కొత్తవాళ్ళలోకి వెళ్తారా? మీ గుమాస్తాగారు తోడుంటారు," అన్నాడు.

అంతే, మేనేజరుగారు ఎడమ మోకాలు పట్టుకుని కుంటడం మొదలెట్టారు. ఏ బంతీ ఆ ఛాయలకి పోలేదు.

మరుసటి ఆదివారం మోకాలికి పట్టీ కట్టుకుని బెంచీ మీద కూర్చుని, ఎవరెలా ఆడాలో అందరికీ చెబుతున్నారు. గుమాస్తా చెమట తుడుచుకుంటూ వచ్చి, "పోయినవారం కుంటింది ఎడమ కాలు కదండీ, పట్టీ కుడికాలికి కట్టారే?" అన్నాడు మర్యాదగా.

"నొప్పి ఇటు మారిందయ్యా," అన్నారు మేనేజరుగారు. "నువ్వు బంతి మీద దృష్టి పెట్టు."