కదపని దేవుడు

పండుగ వెళ్లిపోయింది గానీ దేవుడు వెళ్లలేదు. వీధిలో అందరి ఇళ్లలోనూ మట్టి బొమ్మలు ఎప్పుడో నీళ్లలో కలిసిపోయాయి. చిన్నదాని ఇంట్లో మాత్రం ఆయన ఇంకా ముందుగదిలో పీట మీదే ఉన్నాడు, చెవి దగ్గర పెచ్చులూడిపోయి, మెడలో ఎండిన దండతో.

చిన్నది అంటే చిన్నపిల్లేమీ కాదు లెండి. తల సగం నెరిసింది. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. తండ్రి ఇప్పటికీ అలాగే పిలుస్తాడు కాబట్టి మనమూ అలాగే అనుకుందాం. తల్లి పోయాక ఇంట్లో వాళ్లిద్దరే. ఆ తండ్రి బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు లోపలిగదిలో మంచం పట్టాడు. ఆసుపత్రిలో కడుపు కోసి చూసి, మళ్లీ కుట్టేసి పంపించారు. ఇంకోసారి కోస్తే నాలుగు రోజులు ఎక్కువ బతకొచ్చు, బతక్కపోనూవచ్చు అన్నారు. ఇక చాలు, ఇంట్లోనే ఉంటానన్నాడు ఆయన. కూతురు వింటేగా. రేపు పొద్దున్నే తీసుకొస్తానని ఆసుపత్రివాళ్లకు మాటిచ్చేసింది.

పండుగనాడు మట్టి బొమ్మలోకి దేవుణ్ణి పిలుస్తాం. కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, కొత్తబట్ట కట్టి, తినిపిస్తాం. చివర్లో బొమ్మను రెండు చేతులా పట్టుకుని కాస్త కదిపి, వెళ్లి మళ్లీ రా తండ్రీ అంటాం. దాంతో ఆయన బయల్దేరినట్టు. చిన్నది అన్నీ చేసి, ఆ ఒక్కటీ చేయలేదు. "మా నాన్న లేచేదాకా నువ్వూ లేవడానికి వీల్లేదు" అని మొహం మీదే చెప్పేసింది. దేవుడితోనే పంతం, ఎంత గడుసుదో చూడండి.

ఆ పంతం తిరిగి తన మెడకే చుట్టుకుంది. కదపని దేవుడంటే ఇంట్లో ఉన్న చుట్టమే. రెండు పూటలా దీపం పెట్టాలి, ఆయనకు పెట్టకుండా తను ముద్ద ముట్టకూడదు. ముందుగదిలో ఆయనకు చెంబెడు నీళ్లు, లోపలిగదిలో ఈయనకు తడిగుడ్డ. ఆయనకు పాలు, ఈయనకు పాలు. మధ్యలో మిషను. మొన్న ఒక జాకెట్టుకు రెండూ కుడిచేతులే కుట్టేసింది. మామూలుగా అయితే తనే నవ్వుకునేది. ఒళ్లు హూనమైపోయిన మనిషికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. విప్పి మళ్లీ కుట్టింది.

ఆ మధ్యాహ్నం దుప్పటి మారుస్తుంటే తండ్రి ముక్కు ఎగబీల్చాడు.

"అగరొత్తుల వాసనేంటే? పండుగ అయిపోయిందిగా?"

అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు చిన్నదానికి. "అయిపోయింది నాన్నా. నేనే దేవుణ్ణి కదపలేదు. నువ్వు లేచేదాకా కదపనని చెప్పాను."

ఆయన దుప్పటి పక్కకు నెట్టి, "నన్నోసారి ముందుగదిలోకి తీసుకెళ్లు" అన్నాడు.

చంకల కింద చేతులు వేసి లేవదీసింది. ఎముకల గూడు, అయినా ఆ చేతులకు బరువే. కుర్చీలో కూర్చోబెడితే ఆయన బొమ్మకు పెచ్చులూడిన చెవినీ, ఎండిన దండనూ చూశాడు.

"పాపం, బాగా అలిసిపోయాడే" అన్నాడు.

"నిన్ను బాగు చేస్తాడని..."

"ఆయనకూ నాకూ ఏ లోటూ రానివ్వలేదు నువ్వు. పూజంటే అదేనమ్మా. కానీ పంపించడం కూడా పూజే. బస్సులో ఎక్కించుకోవడం ఒక్కటేనా నా పని? దిగాల్సిన చోట దించకపోతే జనం నన్ను ఎన్నేసి మాటలు అనేవాళ్లో తెలుసా?"

చిన్నదానికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

"నువ్వు పోతే నేనేం చేయను నాన్నా?"

"ముందు కాస్త నిద్రపో" అన్నాడాయన. "ఆసుపత్రి వద్దే చిన్నదానా. నా స్టాపు దాటించకు."

ఆమె గోడకు ఆనుకుంది. తండ్రిని పోనివ్వడానికి మనసు ఒప్పుకోవడం లేదు. పట్టుకోవడానికి చేతుల్లో బలమూ లేదు. చివరికి ఫోను తీసి ఆసుపత్రికి చేసింది.

"రేపు మేం రావడం లేదండీ. మాకోసం ఉంచిన మంచం ఇంకెవరికైనా ఇచ్చేయండి."

తర్వాత పీట ముందు కూర్చుని బొమ్మను రెండు చేతులా పట్టుకుంది. వెళ్లి మళ్లీ రా అనాలి. 'వెళ్లి' దగ్గరే ఆగిపోయింది. వెనకనుంచి తండ్రి, బస్సు రేకు మీద కొట్టినట్టు, కుర్చీ చేతి మీద అరచేత్తో తట్టాడు.

"రైట్, రైట్" అన్నాడు మెల్లగా.

చిన్నది దేవుణ్ణి కదిపింది.

బకెట్లో నీళ్లు తెచ్చి, బొమ్మను అందులో దించి, తండ్రి కాళ్ల దగ్గర చతికిలబడింది. ఇక దీపం పెట్టే పని లేదు. ఆయన మోకాలికి తల ఆనించిందో లేదో, నిద్ర ముంచుకొచ్చింది. ఆయన కాళ్లు తిమ్మిరెక్కాయి, కడుపులో నొప్పి మొదలైంది, మంచం మీదికి చేరాలనిపించింది. కూతురు లేచేదాకా కదలకూడదని అలాగే కూర్చున్నాడు.