సత్తియ్య ఫ్లెక్సీ ఫొటో

పోయిన నెలలో ఊళ్ళో పోతన్న పోతే, ఆధార్ కార్డులోని ఫొటోనే పెంచి, అనకాపల్లిలో ఫ్లెక్సీ కొట్టించి ఊరి జంక్షన్లో కట్టారు. పక్కన ‘అశ్రునివాళి’ అని రాసి ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే పోలీసులు వెతుకుతున్న మనిషే అనుకునేవారు. ఆ ఫ్లెక్సీ కింద నిలబడే సత్తియ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. సోమవారం తనకు విశాఖలో గుండె ఆపరేషన్. తను తిరిగొచ్చినా రాకపోయినా, మంచి ఫొటో ఒకటి ఇంట్లో ఉండి తీరాలి.

కోడలు రాజశ్రీ దగ్గర కెమెరా ఉంది. ఆమె తమ్ముడు నితీష్ పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తానని కొని, ఆరు నెలలకే అచ్యుతాపురంలో కంపెనీ ఉద్యోగంలో చేరి, దాన్ని అక్కకు అప్పగించి చేతులు దులుపుకున్నాడు. కెమెరాను ఆటో మోడ్‌లో పెడితే మబ్బుకు అది ఫ్లాష్ కొడుతోంది. ఫ్లాష్ పడగానే సత్తియ్య కళ్ళు మూస్తున్నాడు. తొమ్మిది తీస్తే తొమ్మిదింట్లోనూ ఆయన అప్పుడే పోయినట్టున్నాడు. నితీష్‌కు ఫోన్ చేస్తే, పైనున్న చక్రాన్ని ‘ఎం’ మీదకు, అంటే మాన్యువల్‌కు తిప్పమని, ఇక అన్నీ అక్కే పెట్టుకోవాలని చెప్పాడు.

చెరుకు మడి ముందు కుర్చీ వేశారు. సత్తియ్య పెళ్ళాం అప్పలనర్సమ్మ ఈ భాగోతం చూడ్డానికి తనకు తీరిక లేదని, గేదెకు చెరుకాకు తెస్తానని గట్టు పట్టుకుని పోయింది. పోతూ పోతూ, ఆ మొహానికి అదొక్కటే తక్కువైందంది.

వెలుగు ఎక్కువ పడాలని రాజశ్రీ షట్టర్ నెమ్మది చేసింది. సరిగ్గా అప్పుడే సత్తియ్య పెళ్ళాన్ని తిట్టడానికి తల తిప్పాడు. ఫొటోలో రెండు ముక్కులొచ్చాయి. షట్టర్ వేగం పెంచితే మొహం బొగ్గయింది. వెలుగు కోసం ఐఎస్ఓ అనే అంకెను చివరిదాకా తోసింది. వెలుగొచ్చింది గానీ, దాంతోపాటు మొహం నిండా చుక్కలు.

“ఏటమ్మా ఇది, నాకు అమ్మవారు పోసినట్టుంది?”

“కదలకుండా కూకుంటే పొయ్యదు మావయ్యా.”

శవంలా ఉండమంటే ఆయనవల్ల కావడం లేదు. ఊపిరి బిగబడతాడు, ఆమె అంకెలు సర్దేలోగా దగ్గుతాడు. గంట గడిచాక, లెన్సులోని కన్నం బార్లా తెరిస్తే పని కుదిరింది. మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. వెనకంతా పచ్చటి పొగ. రాజశ్రీ గర్వంగా చూపించింది.

“మొకం బాగుంది. నా సెరుకేదీ?”

అలా మసగ్గా ఉంటేనే అందమని, అందరూ అలాగే తీస్తారని ఆమె చెప్పింది.

“నలభయ్యేళ్ళు ఆ మడిలో బురద తొక్కేను. పోయేక నా ఎనకాల పొగెడతావేటి?”

నితీష్‌కు మళ్ళీ ఫోన్. కన్నం చిన్నది చేస్తే వెనకదంతా తేటగా వస్తుందట. వెలుగు తగ్గుతుంది కాబట్టి షట్టర్ నెమ్మది చెయ్యాలట, మనిషి మాత్రం కదలకూడదట. కెమెరాను స్టూలు మీద పెట్టి, ఒక్క నిమిషం నోరు మూసుకోమని మావయ్యకు దణ్ణం పెట్టింది. ఆ ఇంట్లో ఆయన అంతసేపు ఊరుకోగా ఎవరూ చూడలేదు. ఊరుకున్నాడు.

ఈసారి ప్రతి ఆకూ విడివిడిగా వచ్చింది. గట్టూ వచ్చింది. గట్టు మీద అప్పలనర్సమ్మ కూడా వచ్చింది. ఆకు మోపు కాళ్ళ దగ్గర పడేసి, కొంగు నోట్లో కుక్కుకుని, మొగుడి వీపు వంకే చూస్తోంది.

సత్తియ్య ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. వెనక్కి తిరిగితే గట్టు మీద ఎవరూ లేరు. పాకలోంచి ఆవిడ గేదెను తిడుతున్న గొంతు వినబడుతోంది.

అత్తను తీసేసి మొహం వరకూ ఉంచుతానంది రాజశ్రీ.

“వొద్దు. ఉండనీ.”

“బతికున్న మనిషిని ఎనకాలెట్టి నివాళి ఎలా ఏత్తాం మావయ్యా?”

“ఎయ్యకండి. దీన్ని పెద్దది సేయించి గోడకి తగిలించు. ఫ్లెక్సీకి కావాల్సింది ఆపరేసన్ అయ్యేక తీద్దువు గాని. అప్పటికి నీకూ సెయ్యి తిరుగుతాది.”