పీఠం కింద మూరెడు గుంట

అమ్మవారి పీఠాన్ని అడుగునుంచి తొలవమని మహేష్ అడిగినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నా బుద్ధి గడ్డి తింది. ఆళ్లగడ్డలో ముప్పై ఏళ్లుగా విగ్రహాలు చెక్కుతున్నాను. పీఠం కింద గుంట అంటే పూజచేసిన రాగిరేకు యంత్రం పెట్టడానికే అనుకున్నాను. జానెడు చాలదా అని అడిగితే వాడు ఒప్పుకోలేదు.

"మూరెడు కావాల మామా. ఎనకపక్క నాలుగు బొక్కలు గూడా పెట్టు. పై దేశం గుడి, వాళ్ల పద్ధతి అది."

మహేష్ నా చెల్లెలి కొడుకు. వాడికి ఉలి పట్టడం నేర్పింది నేనే. ఇప్పుడు నంద్యాలలో ఉంటూ విగ్రహాలు విదేశాలకు పంపుతున్నాడు. వాడి మాట కాదనలేక తొలిచాను.

నిన్న ఆదివారం, పనివాళ్లు లేరు. పీఠం ఇంకా బోర్లానే ఉంది. టీ తాగి వచ్చేసరికి మహేష్ దాని ముందు గొంతుక్కూర్చుని, గోనెసంచిలోంచి ఏవో తీసి గుంటలో పేరుస్తున్నాడు.

"ఏం పెడ్తాండావ్‌రా?"

ఉలిక్కిపడ్డాడు. వంగి చూశాను. నక్షత్ర తాబేళ్లు. నల్లటి చిప్పల మీద పసుపు చారలు. కాళ్లు బయటికి రాకుండా చిప్ప చుట్టూ టేపు బిగించేశాడు.

"యాడియిరా ఇవి?"

"అవుకు గుట్టల్లో పట్టిచ్చినా. ఆ దేశపోళ్లు ఇండ్లల్లో సాకుతారంట. ఓడలో నెల పడ్తాది. తినకపోయినా బతుకుతాయిలే మామా."

"బొక్కలు అందుకేనా?"

"గాలి ఆడనీకి."

ఒళ్లు మండిపోయింది. వాడి మీద కంటే నా మీదే ఎక్కువ. ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని గోటితో టేపు ఊడదీశాను. చాలాసేపటికి తల బయటపెట్టి, నా వేలి వైపు మెడ చాచింది. నాకు ఏడుపొచ్చింది.

"తప్పయింది మామా. పట్టిన తావునే ఇడిసొస్తా. ఎవురికీ చెప్పొద్దు."

"ఈపొద్దు ఇడుస్తావ్. రేపు ఇంకొకని తాన పీఠం తొలిపిస్తావ్."

అటవీశాఖకు ఫోన్ చేశాను. మాట్లాడుతున్నంతసేపూ చెల్లెలి మొహమే కళ్లముందు మెదిలింది. మహేష్ పారిపోలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

రేంజర్ లూదియా మేడం వచ్చి ముందు టేపులన్నీ తీయించింది. అడవిలో పట్టిన ఈ తాబేళ్లను ఏ దేశమూ ఇంకో దేశానికి అమ్మకూడదని దేశాలన్నీ కలిసి ఒప్పందం రాసుకున్నాయట. మన చట్టంలో అయితే పట్టడమే నేరం, జైలు తప్పదంది. తర్వాత పీఠం వైపు చూసింది.

"రంగయ్య గారూ, ఈ గుంట ఎవరు తొలిచారు?"

మహేష్ తలెత్తకుండానే అన్నాడు.

"మా మామకేం తెలీదు మేడం. యంత్రానికని నమ్మిచ్చి చేపిచ్చినా."

నేను పట్టించిన పిల్లోడు నన్ను కాపాడుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ బొక్కలెందుకని ఆరోజే గట్టిగా నిలదీసుంటే వాడు ఇంతదాకా వచ్చేవాడు కాదు.

"మూరెడు యంత్రం యాడా ఉండదు మేడం. తెలిసీ అడగల్యా," అన్నాను. "నా పేరు గూడా రాసుకోండి."

ఇద్దరం జీపెక్కాం. వెనక గంపలో తాబేళ్లు కదులుతున్నాయి. నంద్యాల దాకా మహేష్ నా చెయ్యి వదల్లేదు.