చిరుగుబాటు

హ్యాంగర్ల మీది దుప్పటి లాగి బెరిల్ క్లెగ్ ఒక్కో గౌనూ తిప్పి తిప్పి చూసింది. పదకొండు గౌన్లు ఉన్నాయి, వాటి చిరుగులు లేవు.

బ్లేడుతో, పళ్లతో, పెరటి ముళ్లకంచెతో ఆరు నెలలు చింపినవి అవి. లండన్‌లోని చెల్సీలో ఆమె తెచ్చిన ఫ్యాషన్ తిరుగుబాటు కాదు, చిరుగుబాటు అని పత్రికలవాళ్లు అప్పటికే ఆటపట్టిస్తున్నారు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఈ గౌన్ల ప్రదర్శన. ఆక్స్‌ఫర్డ్ వీధిలోని పెద్ద కొట్టు తరఫున ఫాసెట్ గారు వస్తున్నారు. ఆయనకు నచ్చితే ఊరంతా బెరిల్ బట్టలే. నచ్చకపోతే తన ఈ చిన్న బట్టల దుకాణం మూతే.

"అమ్మా, వీటినెవరు ముట్టుకున్నారు?"

"ఎవరేంటే, నేనే." ప్రదర్శన చూడాలని నిన్న పొద్దున్నే ఓల్డ్‌హామ్ నుంచి బస్సులో దిగిన హిల్డా టీ కప్పు దించింది. "నువ్వు కుర్చీల కోసం ఊరంతా తిరుగుతుంటే నేను గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనా? ఎక్కడ తగిలించుకున్నావో గానీ, ముప్పైతొమ్మిది చోట్ల చినిగాయి. అన్నీ దారంతో అల్లి రఫ్ఫు చేసేశా."

రఫ్‌గా ఉండాల్సినవి రఫ్ఫైపోయాయి! యుద్ధం రోజుల్లో కిటికీ తెరల్ని లంగాలుగా మార్చిన చేతులవి, చిరుగు కనిపిస్తే ఊరుకోవు.

ఆర్ట్ కాలేజీలో ప్రిన్సిపాల్‌ని ఎదిరించి బయటికొచ్చిన బెరిల్, రాణిగారి బంధువులకు కుట్టే షాపులో యజమాని మీదికి గుండుసూదుల పెట్టె విసిరిన బెరిల్, అమ్మ ముందు మాత్రం హ్యాంగర్లు సర్దసాగింది.

"ఏం లేదులే."

గౌన్లు వెనకగదిలోకి లాక్కెళ్లి కుట్లు ఊడేలా గుంజింది. పక్కన బట్ట చినిగింది గానీ అమ్మ కుట్టు చెక్కు చెదరలేదు. గడియారం మాత్రం ఆగలేదు. గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి పదిసార్లు తిరిగింది. చివరికి గౌన్లను అలాగే ప్రదర్శనకి పంపింది.

ఆ గౌన్లు తొడుక్కున్న అమ్మాయిలు నడిచారు. హాల్లో ముందు గుసగుస. తర్వాత ఒక విలేకరి లేచాడు. "ఆహా! చిరుగులకి కుట్లేసి, చింపడం పాతబడిపోయిందని చింపేవాళ్లకే చెంపపెట్టు! శభాష్ క్లెగ్!" చప్పట్లు మోగాయి. ఫాసెట్ గారు ఆర్డరు పుస్తకం తెరిచి కలం మూత తీశారు.

అవునంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. మొదటి వరుసలో అమ్మ కూడా చప్పట్లు కొడుతోంది, ఎందుకో తెలియకుండానే.

"ఆగండి!" బెరిల్ హాలు మధ్యకి నడిచింది. "ఇది నా ఆలోచన కాదు. నేను చింపాను. కావాలని. మా అమ్మకి చెప్పలేదు. పాపం, పాడైపోయాయనుకుని నిన్నంతా కూర్చుని కుట్టేసింది. మీరు మెచ్చుకుంటున్నది ఆవిడ చేతిపనిని. నా గౌన్లు మీరింకా చూడలేదు."

ఫాసెట్ గారు కలానికి మూత పెట్టేశారు.

హిల్డా లేచి నిలబడింది. "మంచి బట్టని కావాలని చింపావా?"

"కావాలనే, అమ్మా. నా పనే అది."

"మరి ఆ సంగతి నిన్ననే చెప్పి ఏడవొచ్చుగా! నా వేళ్లు చూడు, ఎలా వాచాయో!"

"నీకు చెప్పాలంటే భయమేసిందమ్మా," అంది బెరిల్, హాలంతా వింటుండగా.