ఐలేష్ నీడ కట్టుకున్న చీర

పొద్దున్నే ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద చేపల బేరం మొదలవుతుంది. ఐలేష్ రవ్వలూ బొచ్చెలూ కాంటాలో వేస్తాడు. భార్య అరుణజ్యోతి పొలుసు తీసి ముక్కలు కొడుతుంది. అన్న బుగ్గయ్య మత్స్య సంఘం అధ్యక్షుడు, కాబట్టి అందరి మీదా అరుస్తుంటాడు.

"జర జరుగు ఐలేషూ! నీ నీడ కొంగు కాంటా మీద పడ్డది. తూకం ఎక్కువ సూపిస్తది."

ఐలేష్ ఒకడుగు వెనక్కి వేస్తాడు. నీడ కొంగును నడుముకు దోపుకుంటుంది.

పుట్టినప్పటి నుంచీ ఐలేష్ నీడ ఆడమనిషిదే. చిన్నప్పుడు గౌను వేసుకునేది, తర్వాత లంగా ఓణీ. పెళ్ళీడు వచ్చాక వాళ్ళమ్మలాగే గోసి పోసి చీర కట్టడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఎవరికీ అది వింత కాదు. బతుకమ్మ నాడు ఐలేష్ మగవాళ్ళతో కట్ట మీద నిలబడితే, నీడ సాగి సాగి ఆడవాళ్ళ వరసలోకి పోయి చప్పట్లు కొట్టేది. దాని కోసం వాళ్ళు ఒక మనిషి పట్టేంత చోటు వదిలేవారు.

ఐలేష్‌కు ఆ చీర తన ఒంటి మీద ఉండాలని కోరిక. పెళ్ళయిన ఏడే భార్యకు చెప్పాడు.

"కట్టుకో. ఎవలొద్దన్నరు?" అంది ఆమె.

"నీడను ఎవ్వరేమనరు. మనిషిని అంటరు."

బుగ్గయ్య అననే అన్నాడు. ఒకసారి దండెం మీది చీరను తమ్ముడు భుజాన వేసుకుని చూసుకుంటుంటే పట్టుకున్నాడు. "నీడ జోలికి నేను రాను. నువ్వు కట్టినవో, ఇంట్ల జాగ లేదు, సంఘంల జాగ లేదు." అప్పటి నుంచి ఐలేష్ లుంగీలోనే ఉండిపోయాడు.

కూతురికి ఉద్యోగం వచ్చింది. అమ్మానాన్నలకూ పెద్దనాన్నకూ చెన్నైలో బయల్దేరి, సముద్రంలో తిప్పి మళ్ళీ అక్కడే దించే పెద్ద ఓడకు టికెట్లు తీసింది. ఓడను చూసి బుగ్గయ్య నోరు తెరిచాడు. "ఏందిరా, మన కొంగర కలాన్ కలెక్టరాఫీసు కంటే పెద్దగున్నది!"

రెండో రోజు పొద్దున ఐలేష్ చెరువు మనిషి మాత్రమే చేసే తప్పు చేశాడు. చేపలెక్కడున్నాయో చూద్దామని, రోజూ చెరువులో పుట్టి పడవలోంచి వంగినట్టే ఓడ అంచు మీదుగా వంగాడు. నీడ పోయి నీళ్ళ మీద పడింది. చెరువు నీడను ఎలా తీసుకుంటుందో అలాగే తిరిగి ఇచ్చేస్తుంది. సముద్రానికి ఆ మర్యాద లేదు. ఒక అల కొంగు పట్టింది, ఇంకో అల గోసి ఊడలాగింది. ఐలేష్ వెనక్కి దూకేసరికి నీడ చీర నురగ మీద తేలుతూ పోతోంది. నీడేమో డెక్ మీద మోకాళ్ళు ముడుచుకుని, చేతులు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

పక్క కుర్చీల్లోని వాళ్ళు మర్యాదగా తలలు తిప్పుకున్నారు. అరుణజ్యోతి గదిలోకి పరుగెత్తి ఆకుపచ్చ చీర తెచ్చింది.

"బావా, అటు మల్లు!"

బుగ్గయ్య అప్పటికే మళ్ళాడు. "జల్ది కప్పుండ్రి! మనింటి ఆడిపిల్ల నలుగుట్ల గట్ల కూసుంటదా?"

ఆమె చీరను నీడ మీద పరిచింది. నీడ చీర మీదికి వచ్చి కూర్చుంది. మడత పెట్టి కప్పింది. మళ్ళీ పైకే వచ్చింది. నీడకు బట్ట కట్టాలంటే ఒకటే దారి. ఆమె చీర తీసి భర్త చేతిలో పెట్టింది.

"అన్నా," అన్నాడు ఐలేష్. "కట్టాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

బుగ్గయ్య సముద్రం వైపే చూస్తున్నాడు. మెడ కందిపోయింది.

"ఆడిపిల్ల ఆడ బిత్తల కూసుంటే నన్నడుగుతవేందిరా? కట్టు!"

ఐలేష్ ఎవరి సాయమూ అడగలేదు. జీవితమంతా నేల మీద చూసి నేర్చుకున్న కట్టు అది. చుట్టాడు, గోసి పోశాడు, వెనక్కి దోపాడు, కొంగు బిగించాడు. నీడ లేచి నిలబడింది. ఇద్దరూ కలిసి డెక్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచారు. ఒక గుజరాతీ ముసలామె ఆపి, వెనక దోపు ఎలాగో చూపించమంది. చూపించాడు. సాయంత్రం పాటలు పెడితే అందరికంటే ముందు లేచి ఆడాడు.

చెన్నైలో దిగాక బుగ్గయ్య గొణిగాడు. "సముద్రం దాటినం గద. ఇగ ఇప్పరాదు?"

"ఇప్పితే అది మల్ల బిత్తలైతదన్నా."

బుగ్గయ్య సంచీ ఎత్తుకుని, జరగమని అందరి మీదా అరుస్తూ ముందు నడిచాడు.

ఆ ఏడు బతుకమ్మ నాడు ఆడవాళ్ళు ఎప్పటిలాగే ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. ఐలేష్ కట్ట దిగి వచ్చి అందులో నిలబడ్డాడు. వరస ఒక్క చప్పట కూడా తప్పలేదు.

మర్నాడు బేరం దగ్గర పెద్ద రవ్వను తూకం వేస్తుంటే బుగ్గయ్య అరిచాడు.

"జర జరుగు ఐలేషూ! నీ కొంగు కాంటా మీద పడ్డది."

ఐలేష్ కొంగును నడుముకు దోపుకున్నాడు.